చేతిలో డబ్బు లేనప్పుడు ఇంటి నుంచి బిజినెస్: ముందు లోన్ కాదండి, ముందు ఆర్డర్

మీరు అడిగింది ఇదీ కదా. పిల్లలు చిన్నవాళ్ళు కాబట్టి బయటికెళ్ళి ఉద్యోగం చేసే వీలు లేదు, సేవింగ్స్ దాదాపు లేవు, కుట్టుపని బాగానే వచ్చు, పెళ్ళికి ముందు ఆఫీసులో అకౌంట్స్ చూసేవారు, ఇంట్లో ఒక మెషిన్, ఒక పాత లాప్‌టాప్ ఉన్నాయి. ఇప్పుడు లోన్ తీసుకుని రెడీమేడ్ బట్టలు హోల్‌సేల్‌లో తెచ్చి ఇంట్లో పెట్టి అమ్మితే ఎలా ఉంటుంది, లేకపోతే ఇంకేదైనా బెటర్ బిజినెస్ చెప్పండి అని.

సూటిగా చెప్పేస్తా. లోన్ వద్దు, హోల్‌సేల్ సరుకూ వద్దు, కనీసం ఇప్పట్లో వద్దు. మీరు చెయ్యలేరని కాదు, మీ దగ్గర ఉన్నవాటితోనే మొదలుపెట్టగలిగే పని ఉంది కాబట్టి. నేను చాలా ఏళ్ళుగా ఇంటి నుంచే చిన్న చిన్న వ్యాపారాలకి లెక్కలు రాస్తున్నా. ఆ పుస్తకాల్లో పదే పదే కనిపించేది ఏంటంటే, మూతపడినవాటిలో చాలావాటికి అమ్మకాలు లేక కాదు, ఉన్న డబ్బంతా సరుకై బీరువాల్లో కూర్చుండిపోయి, వాయిదా కట్టాల్సిన తేదీకి చేతిలో నగదు లేక మూతపడ్డాయి. కాగితం మీద చూస్తే లాభమే ఉంటుంది, డబ్బాలో మాత్రం డబ్బు ఉండదు. ముఖ్యంగా బట్టల్లో సైజులు, రంగులు ఉంటాయి, పది రకాలు తెస్తే నాలుగు వెంటనే పోతాయి, మిగతా ఆరు అలా ఉండిపోతాయి, మీ లాభమంతా ఆ ఆరింటిలోనే ఉంటుంది, వడ్డీ మాత్రం పదింటి మీదా కడతారు.

అందుకే పెట్టుబడి లేనివాళ్ళు ఏ బిజినెస్ అని అడిగే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి, ఈ పనిలో డబ్బు ముందు నా చేతిలోంచి పోతుందా, ముందు నా చేతికి వస్తుందా అని. నా లెక్కలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. సరుకు కొని పెట్టుకుని అమ్మే పనిలో ముందు పోతుంది, ఎప్పుడొస్తుందో తెలీదు. ఆర్డర్ వచ్చాక తయారు చేసే పనిలో అడ్వాన్స్ తీసుకుంటే ముందు వస్తుంది. సేవ చేసే పనుల్లో, అంటే లెక్కలు రాయడం, ట్యూషన్, అనువాదం, వీడియో ఎడిటింగ్, ఆల్టరేషన్లు, రిపేర్లు, వీటిల్లో పోయేది ఎక్కువగా మీ టైమే. టైమ్ ఊరికే వస్తుందని కాదు నా ఉద్దేశం, దాని గురించి కింద చెప్తా, కానీ పోయినా అప్పు మిగలదు.

యాపిల్ కంపెనీ మొదలైన తీరు ఈ విషయంలో నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. గ్యారేజీలో పుట్టింది అని మాత్రం అందరూ చెప్తారు, డబ్బు ఎలా తిరిగిందో ఎవరూ చెప్పరు. 1976లో స్టీవ్ జాబ్స్ తన వ్యాన్ అమ్మాడు, అతనితో కలిసి కంపెనీ పెట్టిన వోజ్నియాక్ తన కాలిక్యులేటర్ అమ్మాడు, ఆ డబ్బుతో కంప్యూటర్ సర్క్యూట్ బోర్డు డిజైన్ చేయించారు. వాళ్ళు అనుకున్నది ఉత్త బోర్డులు అమ్ముదాం, కొన్నవాళ్ళే పార్టులు బిగించుకుంటారు అని. అప్పుడు బైట్ షాప్ అనే కంప్యూటర్ షాపు నడిపే పాల్ టెరెల్ నాకు ఉత్త బోర్డులు వద్దు, అన్నీ బిగించి ఇస్తే 50 తీసుకుంటా, ఒక్కోదానికి 500 డాలర్లు, తెచ్చివ్వగానే డబ్బిస్తా అన్నాడు. అంటే 25,000 డాలర్ల ఆర్డర్, చేతిలో మాత్రం పార్టులు కొనేంత డబ్బు లేదు. ఆ ఆర్డర్ చూపించి పార్టుల సప్లయర్ దగ్గర 30 రోజుల అరువు తీసుకున్నారు, జాబ్స్ వాళ్ళ అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని బిగించారు, డెలివరీ ఇచ్చారు, డబ్బు తీసుకున్నారు, అరువు తీర్చేశారు. ఇందులో మనకి పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, ఆర్డర్ ముందు, ఖర్చు తర్వాత. రెండోది నా దృష్టిలో ఇంకా పెద్దది, ఏం అమ్మాలో వాళ్ళకి చెప్పింది కస్టమర్. వాళ్ళు అనుకున్నట్టే ఉత్త బోర్డులు పెద్ద ఎత్తున చేయించి పెట్టుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇలాంటిదే జాపోస్ అనే చెప్పుల కంపెనీ. 1999లో నిక్ స్విన్మర్న్ మొదలుపెట్టినప్పుడు సరుకు కొనలేదు, చెప్పుల షాపుకెళ్ళి ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టాడు, ఆర్డర్ వస్తే ఆ షాపులో మామూలు ధరకి కొని పంపించేవాడు. దాంట్లో లాభం రాదని అతనికీ తెలుసు, జనం చెప్పులు చూడకుండా ఆన్‌లైన్‌లో కొంటారా లేదా అన్నది తెలుసుకోవడానికే అది. మీకు బట్టల మీద అంత ఇష్టం ఉంటే మీరూ ఈ పద్ధతిలో టెస్ట్ చెయ్యొచ్చు, హోల్‌సేలర్ ఒప్పుకుంటే ఫోటోలు తీసుకుని తెలిసినవాళ్ళకి చూపించండి, డబ్బు కట్టినవాళ్ళకి మాత్రమే తెప్పించండి. "బాగుందండీ, తప్పకుండా కొంటాం" అనేవాళ్ళని లెక్కలోకి తీసుకోవద్దు, అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళనే లెక్కపెట్టండి. మాట మీద ప్రేమ ఉంటుంది, నిర్ణయం మాత్రం డబ్బు తీసేటప్పుడే తెలుస్తుంది.

ఇక మీ విషయానికొస్తే నేనైతే అకౌంట్స్ ముందు పెడతా, కుట్టుపని రెండోది. ఎందుకంటే అకౌంట్స్ పని ప్రతి నెలా తిరిగొస్తుంది, ఒక్కసారి కుదిరితే మళ్ళీ మళ్ళీ కస్టమర్‌ని వెతుక్కోనక్కర్లేదు, పిల్లలు పడుకున్నాక కూడా చెయ్యొచ్చు, లాప్‌టాప్ ఉంది, సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు, లిబ్రె ఆఫీస్‌లో స్ప్రెడ్‌షీట్ ఫ్రీ, గ్నూక్యాష్ అని లెక్కల సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రీయే. అయితే "అకౌంట్స్ చేస్తానండి" అని చెప్తే ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే చిన్న వ్యాపారికి అకౌంట్స్ అంటే ఖర్చు. మీరు ఇలా చెప్పండి, ప్రతి నెలా మీ బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో లెక్క సరిచూసి, ఎవరెవరు మీకు ఎంత బాకీ ఉన్నారో, ఎన్ని రోజుల నుంచి ఉన్నారో లిస్టు ఇస్తా అని. ఆ లిస్టు చూసి వాళ్ళు పాత బాకీలు ఓ రెండు వసూలు చేసుకుంటే చాలు, మీ ఫీజు వాళ్ళకి బరువనిపించదు. చిల్లర బిల్లులన్నీ కవర్లో పడేసి ఏడాది చివర్లో తల పట్టుకునేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు, వాళ్ళే మీ కస్టమర్లు. టాక్స్ రిటర్నులు, ఆడిట్ సంతకాలు లాంటివి అర్హత ఉన్నవాళ్ళే చెయ్యాలి, మీరు వాళ్ళకి చక్కగా సర్ది ఇచ్చే పని చెయ్యండి, అలా చేస్తే ఆ ప్రొఫెషనల్సే మీకు ఇంకో క్లయింట్‌ని పంపిస్తారు. ఇంకొకరి లెక్కలు మీ లాప్‌టాప్‌లో ఉన్నాయంటే పాస్‌వర్డ్ ఉండాలి, వేరే చోట బ్యాకప్ ఉండాలి, ఒకరి సంగతి ఇంకొకరి దగ్గర పొరపాటున కూడా అనకూడదు. ఈ పనిలో పేరు పోయేది అక్కడే.

కుట్టులో కొత్త బట్టలు కుట్టడం కంటే ఆల్టరేషన్లతో మొదలుపెట్టమంటా. జిప్పు మార్చడం, పొడుగు తగ్గించడం, లూజు చెయ్యడం. బట్ట కస్టమర్‌దే, మీ ఖర్చు దారం, జిప్పు అంతే, పని గంటలో అయిపోతుంది, తీసుకెళ్ళేటప్పుడే డబ్బు ఇస్తారు. బట్ట తీసుకునేటప్పుడే వాళ్ళ ముందే విప్పి చూడండి, చిరుగు, మరక ఉంటే అప్పుడే చూపించి ఫోటో తీసుకోండి. చిన్న విషయమే, పెద్ద గొడవలు తప్పుతాయి.

ఇప్పుడు రేటు సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంటి నుంచి చేసేవాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు, దెబ్బతినేది ఎక్కువ ఇక్కడే. "ఇంట్లో కూర్చునే కదా చేసేది, అద్దె లేదు, ఖర్చేముంది" అని కస్టమర్ అంటాడు, చివరికి మనమే అది నమ్మేస్తాం. మీ టైమ్‌కి విలువ కట్టకపోతే మీరు ఎంత ఎక్కువ పని చేస్తే అంత ఎక్కువ నష్టపోతారు, అది లెక్కల పుస్తకంలో కనిపించదు, మీ నిద్రలో, ఆరోగ్యంలో కనిపిస్తుంది. రేటు వేసేటప్పుడు సామాను, కరెంటు, ఇంటర్నెట్, రానూపోనూ ఖర్చు, పాడైపోయే పీసులు అన్నీ వేసుకుని, ఆపైన గంటకి ఇంత అని మీ కూలి వేసి, ఆపైన లాభం వేసుకోవాలి. కూలి వేరు, లాభం వేరు. రేపు పని ఎక్కువై ఒక మనిషిని పెట్టుకుంటే మీ కూలి వాళ్ళకి పోతుంది, లాభం లేకపోతే మీకేం మిగలదు. ఇంకో సంగతి, మీరు రోజుకి ఐదు గంటలు పనిచేస్తే ఐదు గంటలకీ డబ్బు రాదు, ఫోన్లు, మెసేజ్‌లు, కొటేషన్లు, బాకీలు అడగడం వీటికి చాలా టైమ్ పోతుంది. మొదట్లో సగం పోయినా ఆశ్చర్యం లేదు, కాబట్టి గంట రేటు వేసేటప్పుడు ఆ సగాన్ని కూడా డబ్బొచ్చే గంటలే మొయ్యాలి.

100 పెట్టి చేసింది 150కి అమ్మితే చాలామంది 50 శాతం లాభం అనుకుంటారు. అమ్మకంలో లాభం 33 శాతమే, 150లో 50 కదా. ఈ తేడా తెలియక డిస్కౌంట్లు ఇచ్చేస్తారు. మీకు 100కి అమ్మితే 30 మిగులుతుంది అనుకోండి, 10 శాతం డిస్కౌంట్ ఇచ్చారంటే మిగిలేది 20, అంటే ఇదివరకటి లాభమే రావాలంటే మీరు ఒకటిన్నర రెట్లు అమ్మాలి, ఒకటిన్నర రెట్లు కష్టపడాలి. "పది శాతమే కదా" అని నోరు జారే ముందు ఈ లెక్క ఒక్కసారి గుర్తుచేసుకోండి. రేటు తగ్గించమంటే పని తగ్గించండి, రెండు నెలల లెక్కలకి బదులు ఒక నెల, లైనింగ్‌తో కాకుండా లైనింగ్ లేకుండా, అలా. పని అంతే ఉంచి రేటు మాత్రం తగ్గిస్తే ముందు చెప్పిన రేటు అబద్ధమని వాళ్ళకి అర్థమవుతుంది.

ఇప్పుడు మనం హెచ్‌పీ అనే కంపెనీని హ్యూలెట్, ప్యాకార్డ్ అనే ఇద్దరు 1939లో 538 డాలర్లతో గ్యారేజీలో మొదలుపెట్టారు, వాళ్ళ మొదటి ఆడియో ఆసిలేటర్‌కి, అంటే సౌండ్ పరికరాల్ని టెస్ట్ చేసే యంత్రానికి, 54.40 డాలర్లు అని రేటు పెట్టారు. ఆ అంకె అమెరికాలో అవే అంకెలున్న పాత సరిహద్దు నినాదం ఒకటి గుర్తొచ్చి పెట్టిందే తప్ప ఖర్చు లెక్కేసి పెట్టింది కాదు. తర్వాత చూస్తే ఆ రేటుకి తయారు చెయ్యడమే కుదరలేదు. అదృష్టం ఏంటంటే పోటీ కంపెనీది 400 డాలర్లు ఉంది, కాబట్టి రేటు పెంచుకోవడానికి బోలెడు జాగా దొరికింది. అంత జాగా అందరికీ దొరకదండి, మీరు మొదటి ఆర్డర్‌కే ఖర్చు రాసుకోండి.

అడ్వాన్స్ అడగడానికి మొహమాటం వద్దు. సామాను ఖర్చు మొత్తమైనా ముందు రావాలి, కుదిరితే సగం. మాట కూడా క్షమాపణ అడుగుతున్నట్టు కాకుండా మామూలుగా చెప్పండి, "సగం ఇవ్వగానే మొదలుపెడతానండి, మిగతాది ఇచ్చేటప్పుడు" అంతే, ఇంకో వివరణ ఇవ్వొద్దు. ఏం చేస్తారు, ఎప్పటికి ఇస్తారు, ఎన్నిసార్లు మార్పులు ఊరికే చేస్తారు, ఎంత డబ్బు, ఈ నాలుగూ ఒక మెసేజ్‌లో పెట్టి వాళ్ళ చేత "ఓకే" అనిపించుకోండి. చుట్టాలైనా సరే. నిజానికి చుట్టాల దగ్గరే ఇది ఎక్కువ అవసరం, రాతలో ఉంటే డబ్బు విషయం బంధుత్వం దాకా పోదు.

మొదటి కస్టమర్లు ఎక్కడ దొరుకుతారంటే, మీరు ఎవరికి తెలుసో వాళ్ళలోనే. పాత ఆఫీసువాళ్ళు, పిల్లల స్కూల్లో తోటి తల్లిదండ్రులు, మీరు రోజూ సరుకులు కొనే షాపువాళ్ళు. వాళ్ళని "నా దగ్గర చేయించుకోండి" అనకండి, "నేను ఈ పని మొదలుపెట్టా, ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్ళు మీకెవరైనా తెలుసా" అని అడగండి. అలా అడిగితే కాదనాల్సిన ఇబ్బంది వాళ్ళకి ఉండదు, అవసరం ఉంటే వాళ్ళే నోరు తెరిచి చెప్తారు. స్టేటస్‌లో ఒక్కసారి పెట్టి ఎవరూ అడగలేదు అనుకోవడం కాదు, ఒక్కొక్కరికీ పేరు పెట్టి విడివిడిగా మెసేజ్ చెయ్యాలి. మొదట ఒకటి రెండు పనులు ఫ్రీగా చెయ్యాల్సి వస్తే చెయ్యండి, కానీ బిల్లు మాత్రం పూర్తి రేటుతో రాసి కింద డిస్కౌంట్ అని చూపించి సున్నా చెయ్యండి, దాని అసలు రేటెంతో వాళ్ళకి తెలియాలి. బదులుగా రెండు లైన్లు రాసిమ్మని, ఇంకొకరికి చెప్పమని ముందే అడగండి. ఆన్‌లైన్ యాప్‌లు, మార్కెట్‌ప్లేస్‌లు వాడుకోవచ్చు, కాకపోతే వాటి కమిషన్ రేటులో కలుపుకోండి, వాళ్ళు రూల్ మార్చినా, మీ అకౌంట్ ఆపేసినా పని ఆగకుండా నేరుగా వచ్చే కస్టమర్లు కూడా కొంతమంది ఉండేలా చూసుకోండి.

మొదట్లో లోగో, వెబ్‌సైట్, విజిటింగ్ కార్డులు, కంపెనీ పేరుతో బ్యాగులు ఇవేం వద్దు. ఇవి చేస్తుంటే బిజినెస్ చేస్తున్నట్టే హాయిగా ఉంటుంది, నాకు తెలుసు, కానీ వీటివల్ల ఒక్క ఆర్డర్ కూడా ముందుకి రాదు. ఖర్చు పెట్టాల్సింది లేకపోతే పని ఆగిపోయేవాటి మీద, మంచి సూదులు, మంచి కత్తెర, బ్యాకప్ కోసం పెన్‌డ్రైవ్, నెట్ పోతే వాడుకునే డేటా. లైసెన్స్, టాక్స్ రూల్స్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఇంట్లో వ్యాపారానికి అనుమతి కావాలా, అద్దె అగ్రిమెంట్ ఒప్పుకుంటుందా అని మొదటి నెలలోనే కనుక్కోండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తా. ఇంటి నుంచి పని అని వెతికితే మీకు ముందు తగిలేది మోసాలే. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, ట్రైనింగ్ కిట్ కొనండి, డేటా ఎంట్రీకి డిపాజిట్ పెట్టండి, తర్వాత తప్పులున్నాయి అని డబ్బు ఎగ్గొట్టి పైగా లీగల్ నోటీసు అని బెదిరిస్తారు. మీకు పని ఇచ్చేవాడు మీకు డబ్బివ్వాలి, మీ దగ్గర తీసుకోకూడదు. సరుకు మీరే ముందు కొని, కింద మనుషుల్ని చేరిస్తే డబ్బొస్తుంది అనే స్కీములు కూడా అంతే, అందులో మీరే వాళ్ళ కస్టమర్. ఇంకోటి, కస్టమర్ "పొరపాటున ఎక్కువ పంపించా, మిగతాది తిరిగి పంపండి" అంటాడు, మీరు పంపాక అతని చెక్కు చెల్లదు లేదా పేమెంట్ వెనక్కి పోతుంది. డబ్బు మీ అకౌంట్లో పూర్తిగా క్లియర్ అయ్యేదాకా ఒక్క పైసా కూడా తిరిగి పంపొద్దు. చేతిలో డబ్బు లేని మనిషినే ఇలా దోచుకుంటారు, అందుకే నాకు వీటి మీద అంత కోపం.

డబ్బు వేరుగా పెట్టడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. వేరే బ్యాంక్ అకౌంట్ కుదిరితే మంచిది, లేకపోతే వేరే డబ్బా, ఒక నోట్‌బుక్. వచ్చింది, పోయింది, రావాల్సింది, మూడే కాలమ్స్, వారానికి ఒకసారి కూర్చుని చూడండి. వచ్చిన ప్రతిదాంట్లో కొంత టాక్స్ కోసం, కొంత మెషిన్ రిపేరు కోసం పక్కన పెట్టి మిగిలిందే ఇంట్లోకి వాడండి. అకౌంట్స్ మీకు నేను చెప్పాలా, కానీ ఇంకొకరి లెక్కలు చక్కగా రాసేవాళ్ళు సొంత లెక్కలు రాయకుండా వదిలెయ్యడం నేను చాలా చూశా.

ఇంట్లోవాళ్ళతో కూడా ముందే కూర్చుని మాట్లాడండి. మీరు ఇంట్లో ఉన్నారు కాబట్టి ఖాళీగా ఉన్నారనే అనుకుంటారు, వచ్చినవాళ్ళని చూసుకోవడం, ఫోన్లు ఎత్తడం, తలుపు తియ్యడం అన్నీ మీ మీదే పడతాయి. రోజుకి రెండు గంటలైనా సరే, ఆ రెండు గంటలు పిల్లల్ని ఇంకొకరు చూసుకోవాలి, ఫలానా టైమ్ నుంచి ఫలానా టైమ్ దాకా అని ఇంట్లో అందరికీ తెలియాలి. ఇది కుదరకుండా మీరు ఆర్డర్లు ఒప్పుకుంటే రాత్రిళ్ళు చేస్తారు, ఓ మూడు నెలలు చేస్తారు, తర్వాత ఒళ్ళు సహకరించదు. అందుకే మొదట్లో తక్కువ తీసుకోండి, ఇద్దరు అకౌంట్స్ క్లయింట్లు, వారానికి కొన్ని ఆల్టరేషన్లు, చెప్పిన రోజుకి ఇవ్వగలిగినంతే. ఆలస్యమయ్యేలా ఉంటే గడువు దాటాక కాదు, దాటకముందే ఫోన్ చేసి చెప్పండి.

లోన్ అసలు ఎప్పుడూ వద్దు అనట్లేదు. ఆర్డర్లు వస్తున్నాయి, మెషిన్ పాతదై అందుకోలేక వెనక్కి పంపుతున్నారు, అలా వెనక్కి పంపినవి కొన్ని నెలలు నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నారు, అప్పుడు మెషిన్ కోసం లోన్ గురించి ఆలోచించండి. ఆ కొన్ని నెలల్లో మీకు అన్నిటికంటే తక్కువ వచ్చిన నెల తీసుకోండి, ఆ నెల వచ్చిన డబ్బులో ఖర్చులు, మీ కూలి పోగా మిగిలినదాంతో వాయిదా కట్టగలిగితే తీసుకోండి, బాగా వచ్చిన నెల చూసి మాత్రం తీసుకోవద్దు. ఈ వారంలో అయితే లోన్ అప్లికేషన్ పక్కన పెట్టి, పాత ఆఫీసులో మీతో పనిచేసినవాళ్ళు, తెలిసిన షాపులవాళ్ళు ఎవరెవరున్నారో ఒక కాగితం మీద రాయండి, రోజుకి ముగ్గురికి పైన చెప్పినట్టు మెసేజ్ పెట్టండి, వాళ్ళేం అన్నారో రాసుకోండి. వాళ్ళ జవాబులు పట్టుకుని మళ్ళీ అడగండి, రేటు ఎలా వెయ్యాలో మీ అంకెలతోనే కలిసి చూద్దాం.